రాజీనామా మెయిల్‌లో రాసిన రెండు మాటలు

ప్రశ్న: ఒక ప్రైవేటు బ్యాంకు పెట్టుబడుల విభాగంలో 19 నెలలు పనిచేశాను. రాత్రి రెండింటికి ఇల్లు చేరి, ఉదయం తొమ్మిదికల్లా మళ్లీ కుర్చీలో ఉండేవాణ్ణి. గుండెదడతో ఆసుపత్రిలో చేరాక, నాలుగు నెలల క్రితం రాజీనామా చేశాను. రెండేళ్లు నిండలేదు కాబట్టి జాయినింగ్ బోనస్ మొత్తం వెనక్కి కట్టాలని నోటీసు ఇచ్చారు. నా ఆరోగ్యం పాడుచేసినవారికి నేనే డబ్బు కట్టాలా? అదనపు గంటలకు వేతనం రాదా?

జవాబు: మీ ఉత్తరం నిండా పని గంటలే ఉన్నాయి, కానీ కేసు తేలేది అక్కడ కాదు. యాజమాన్య, పర్యవేక్షక స్థాయి ఉద్యోగులకు ఓవర్‌టైమ్ హక్కు నిలవడం కష్టం కనుక ఆ ఆశ పక్కన పెట్టండి. మీ నియామక పత్రంలో 'స్వచ్ఛందంగా వైదొలగితే' బోనస్ తిరిగి చెల్లించాలని ఉంది. మీరేమో రాజీనామా మెయిల్‌లో 'వ్యక్తిగత కారణాలు' అని రాసి వాళ్ల పని సులువు చేశారు. డాక్టరు చీటీ చేతిలో ఉండగా అలా రాయడం ఏ మర్యాద కోసమో నాకు అర్థం కాలేదు.

ఇలాంటి షరతులు చెల్లవని చెప్పే స్నేహితుల మాట నమ్మకండి. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షల రూపాయలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది. అయితే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది సహేతుకమైన పరిహారమే. రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే. 24 నెలల్లో 19 పూర్తిచేశారు కాబట్టి, కట్టాల్సి వస్తే మిగిలిన అయిదు నెలల వంతే కట్టాలన్నది మీ గట్టి వాదన.

అర్ధరాత్రి పనికి రుజువుగా ఖాతాదారుల ఫైళ్లను సొంత మెయిల్‌కు పంపుకున్నానని చివర్లో రాశారు. వాటిని ఎక్కడా బయటపెట్టకండి, ఎవరికీ పంపకండి. అనుమతి లేకుండా డేటా కాపీ చేయడం సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 43వ సెక్షన్ కిందికి, దురుద్దేశంతో చేశారంటే 66వ సెక్షన్ కిందికి వస్తుంది. బోనస్ తగాదా కాస్తా క్రిమినల్ కేసు అయ్యే ప్రమాదం ఉంది. మీకు కావలసిన సాక్ష్యం వేరే ఉంది: ఆసుపత్రి డిశ్చార్జి పత్రం, సెలవు కోరుతూ మీరు మేనేజరుకు పెట్టిన మెసేజీలు, దానికి వచ్చిన జవాబులు. ఆ మెసేజీలున్న ఫోను మార్చకండి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అది ఏ పరికరంలోదో చెప్పే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం కావాలి.

బ్యాంకు దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. ఆలోగా 'వాయిదాల్లో కడతాను' అని సంతకంతో రాసిచ్చారంటే, అప్పు ఒప్పుకున్నట్టై ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. అందుకని నోటీసుకు మీరే ఉద్వేగంగా జవాబు రాయకుండా, అందులో ఇచ్చిన గడువులోపు లాయరు ద్వారా బాధ్యతను నిరాకరిస్తూ, వైద్య కారణాన్ని తేదీలతో సహా నమోదు చేస్తూ జవాబు పంపండి. రాజీ కోసం అయిదు నెలల వంతు ప్రతిపాదించాలనుకుంటే, 'హక్కులకు భంగం లేకుండా' (అంటే దాన్ని బాధ్యత ఒప్పుకున్నట్టుగా తీసుకోకూడదు) అన్న షరతుతో వేరే లేఖలో పెట్టించండి.