ముందు ఊడే చోట్లు రాసుకో

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు అందాయి. బల్లమీద 1960ల నాటి కాజీపేట స్టేషన్ నమూనా, బొమ్మ రైలుతో సహా కడుతున్నావంటే నా ప్రాణం లేచొచ్చింది. డబ్ల్యూపీ రకం ఆవిరి ఇంజిన్ గుండ్రటి ముక్కు భలే కుదిరింది. కానీ వెనకాల పెట్టెలు దొరికినవి దొరికినట్టు తగిలించేశావు. పెట్టెలు కలిపే, విడదీసే పని చేయించే షంటింగ్ జమాదారుగా ఏళ్ల తరబడి యార్డులో తిరిగినవాణ్ణి, అది చూసి ఊరుకోలేకపోతున్నాను.

ఆ రోజుల్లో దూరం పోయే బండి చాలాసార్లు ఒక్క బండి కాదురా. వేర్వేరు ఊళ్లకి పోయే పెట్టెలు కొంతదూరం ఒకే ఇంజిన్ వెనక కలిసి నడిచేవి. కాజీపేటకి మూడు దారులున్నాయి కదా: సికింద్రాబాద్, బెజవాడ, బల్లార్షా. అందుకే అక్కడ పెట్టెలు కలపడం, విడదీయడం ఉండేది. విశాఖ నుంచి వచ్చే లింక్ దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ పెట్టెలు హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయే దక్షిణ్ ఎక్స్‌ప్రెస్‌తో కలిసింది కాజీపేటలోనే. ఆ పద్ధతి మొన్నమొన్నటి దాకా నడిచింది, నువ్వూ చూసే ఉంటావు.

కాబట్టి జిగురు ముట్టుకోకముందే ఒక కాగితం తీసుకో. ఏ పెట్టె ఏ ఊళ్లో ఊడాలో రాసుకో. ఆఖరి ఊరి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రా. ముందుగా ఊడేవి ఒక కొసన ఉండాలి. నడుమ ఇరుక్కున్నాయంటే వాటి కోసం బండి మొత్తం రెండు ముక్కలు చెయ్యాలి, మళ్లీ అతకాలి. ఆ లోపు సిగ్నల్ కోసం వెనక బండి కూతలు పెడుతుంటుంది. ఇంకోటి, బండి తోకన గార్డు ఉండే బ్రేక్ వ్యాను తప్పనిసరి. తోకనున్న పెట్టెలు ఊడదీశాక మిగిలినదానికీ బ్రేక్ వ్యాను ఉండాలి కదా. అందుకే విడిపోయే భాగానికి దాని బ్రేక్ పెట్టె దానికే పెట్టుకో. ఇంజిన్ ఈ కొస నుంచి ఆ కొసకి మారి బండి తల తిప్పుకునే జంక్షనైతే మొదటి పెట్టె చివరిదైపోతుంది. కాగితం మీద బాణం గుర్తు వేసుకోకపోతే నాలాంటివాడికి కూడా బుర్ర తిరుగుతుంది.

తరగతుల సంగతి చూసుకో. 1955లో పాత ఫస్ట్ క్లాసు తీసేసి, సెకండుని ఫస్ట్ అన్నారు, సెకండుకీ థర్డుకీ మధ్య ఉండే ఇంటర్ క్లాసుని సెకండ్ అన్నారు. థర్డ్ క్లాసు 1974 దాకా ఉంది. నీ 1960ల బండి మీద ‘ఇంటర్’ అని రాయకు.

ఇక ఇంజిన్ పెట్టెలకి తగిలే ఘట్టం. దీనిమీద ఎంత సమయం పెట్టినా తక్కువే. ఇంజిన్ దూరం నుంచి దూసుకొచ్చి ఢీకొట్టినట్టు చెయ్యకు. ఇరవై మీటర్ల అవతల ఆగాలి. అక్కణ్ణించి మనిషి నడిచే వేగంతో రావాలి. జమాదారు రెండు చేతులూ తలమీదికెత్తి దగ్గరికీ దూరానికీ ఆడిస్తాడు, అంటే ‘మెల్లగా, తగిలించుకోవాలి’ అని. బఫర్లు, అంటే పెట్టె కొసల్లో ఉండే స్ప్రింగు దిమ్మెలు, ఆనుతాయి, కొంచెం లోపలికి నొక్కుకుంటాయి, పూర్తిగా ఆగుతాయి. అప్పుడు మాత్రమే మనిషి వంగి నడుమకి దూరి లింకు ఎత్తి కొక్కేనికి వేస్తాడు, స్క్రూ బిగిస్తాడు, తర్వాత బ్రేకులకి గాలి లాగే వాక్యూం పైపులు కలుపుతాడు. కొత్త కుర్రాళ్లు బఫర్లు ఆనకముందే దూరబోతే చొక్కా పట్టుకుని వెనక్కి లాగేవాణ్ణి. ఇప్పటికీ నిద్రలో ఆ బఫర్ల చప్పుడు వింటే నా చెయ్యి ముందుకి పోతుంది.

పైపులు కలిపినంత మాత్రాన బండి కదలదు. ఇంజిన్ గాలి లాగుతుంటే ఆ చివర బ్రేక్ వ్యానులో గార్డు గేజీ ముల్లు చూస్తాడు. గేజీలో వాక్యూం ఇంజిన్ దగ్గర 53 సెంటీమీటర్లుంటే తన దగ్గర 47 అయినా రావాలి. రాలేదంటే ఎక్కడో పైపు సరిగా కూర్చోలేదన్నమాట. చెవి దగ్గర పెడితే సన్నగా బుస వినిపించేది, అదే దొంగ. నీ బల్లమీద గాలి లేదు సరే, రెండు పెట్టెల నడుమ ఆ పైపు మాత్రం వేలాడదీయి. అది లేని పెట్టె నాకు జందెం తెగినట్టు కనిపిస్తుంది.

జనం ఉన్న పెట్టెల్ని ఇంజిన్‌తో నెట్టి వాటంతటవే దొర్లేలా విసిరి వదలకూడదు, ఇంజిన్‌తోనే తీసుకెళ్లి నిలపాలి. లోపల నిద్రపోతున్నవాళ్లుంటారు. ఒక జంక్షన్‌లో రాత్రిపూట ఒకావిడ కూజాలో నీళ్లు పట్టుకోడానికి దిగింది. తిరిగి చూసేసరికి పెట్టె లేదు, దాన్ని పక్క లైనుకి జరిపాం. లోపల చంటిపిల్లాడు. నేను లాంతరు పట్టుకుని ఆవిణ్ణి పట్టాల మీదుగా చెయ్యిపట్టి నడిపించాను. పిల్లాడు కదలకుండా నిద్రపోతున్నాడు. ఆవిడ కూజా అక్కడే పట్టాల పక్కన పెట్టేసి ఏడ్చేసింది.

నీ ప్లాట్‌ఫారం మీద కుళాయి దగ్గర ఒక కూజా పెట్టు. పెట్టెల వరస రాసిన కాగితం నాకు పోస్టులో పంపు. నేను చూసి పంపాకే అతికించు.

మీ మామయ్య