నెవాడా ప్రాంగ్‌హార్న్ ట్యాగ్: డ్రా నుంచి ఐస్‌బాక్స్ దాకా

ప్రశ్న: శాక్రమెంటోలో ఉంటాం, ముగ్గురం. ఇద్దరం హెచ్-1బి, ఒకరు గ్రీన్ కార్డ్. నెవాడాలో యాంటిలోప్ (జింకలాంటి ప్రాంగ్‌హార్న్) డ్రాకి, అంటే వేట అనుమతి లాటరీకి అప్లై చేద్దామనుకుంటున్నాం. ఏ యూనిట్ పెట్టాలి, ఏమేం సిద్ధం చేసుకోవాలి?

జవాబు:

యూనిట్ (వేట కోసం రాష్ట్రాన్ని విడగొట్టిన ప్రాంతం) కన్నా ముందు వీసా సంగతి చూసుకోండి. హెచ్-1బి, హెచ్-4 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి ఉన్న మినహాయింపుల్లో మీకు పనికొచ్చేది ఒకటి: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండాలి. షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి ఫ్రెండ్ తుపాకీ పట్టుకున్నా ఇదే రూల్. నెవాడా లైసెన్స్ కొన్న రోజు నుంచి ఏడాది పాటు చెల్లుతుంది. వేట అయిపోయాక రైఫిల్ ఇంట్లో పెట్టుకుని లైసెన్స్ రెన్యూ చేయడం మర్చిపోతే, గడువు తీరిన రోజు నుంచి ఆ మినహాయింపు లేనట్టే. క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. కాలిఫోర్నియా రూల్స్ దీనికి అదనం. తుపాకీ కొనేముందు మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడగండి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ నిషేధం వర్తించదు. ఇక 1960 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్ళు లైసెన్స్ తీసుకోవాలంటే హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ ఉండాలి. కాలిఫోర్నియాలో చేసిన కోర్సు నెవాడాలోనూ పనికొస్తుంది.

ఇప్పుడు డ్రా. పెద్ద జంతువుల డ్రాకి వసంతంలో, మామూలుగా మే నెల గడువుతో అప్లికేషన్లు తీసుకుంటారు. లైసెన్స్ ముందే కొనాలి. బయటి రాష్ట్రం వాళ్ళకి సుమారు 155 డాలర్లు. ట్యాగ్ (ఒక జంతువుని వేటాడే అనుమతి) వస్తే ఇంకో 300 దాకా. ట్యాగ్ రాకపోతే ఒక బోనస్ పాయింట్ జమవుతుంది. నెవాడాలో ఈ పాయింట్లని వర్గం చేస్తారు. 4 పాయింట్లుంటే 16, దానికి ఈ ఏడాది అప్లికేషన్‌ది 1 కలిపి మొత్తం 17 రాండమ్ నంబర్లు మీకు వస్తాయి, వాటిలో అతి చిన్నది మీ నంబర్ అవుతుంది, చిన్న నంబర్ ఉన్నవాళ్ళకే ముందు వంతు. కాబట్టి ఒక్క పాయింట్ కూడా లేనివాళ్ళకి మొదటి ఏడాదే తగిలే అవకాశం ఉంటుంది, పదేళ్ళు వేసినవాళ్ళకి గ్యారంటీ ఉండదు. చాలా యూనిట్లలో నాన్‌రెసిడెంట్ కోటా ఒక్క అంకెలోనే ఉంటుంది. కొన్నేళ్ళు ఓపిక పట్టడానికి సిద్ధపడే మొదలుపెట్టండి.

ఒక అప్లికేషన్‌లో 5 ఛాయిస్‌లు ఇవ్వొచ్చు. మీ నంబర్ వంతు రాగానే ఆ ఐదింటినీ వరసగా చూస్తారు, ఆ తర్వాతే పక్క అప్లికేషన్‌కి వెళ్తారు. అందుకే కష్టమైన యూనిట్‌ని పైన, సులువైనదాన్ని కింద పెట్టాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఖాళీ ఎందుకని ఐదో ఛాయిస్‌లో తెలియని యూనిట్ నింపుతారు. అది తగిలితే ఆ జంతువు మీద కూడబెట్టిన పాయింట్లన్నీ సున్నా అవుతాయి. వెళ్ళడం ఇష్టం లేని చోటు రాయకండి, రెండు ఛాయిస్‌లతో ఆపేసినా తప్పులేదు. ముగ్గురూ విడివిడిగా అప్లై చేయండి. ఒకరికి తగిలితే మిగతా ఇద్దరూ గ్లాసింగ్‌కి (బైనాక్యులర్లతో వెతకడానికి), మాంసం మోయడానికి వెళ్ళండి. ఈ వేటకి ముగ్గురు మనుషులు, ఒక ట్యాగ్ అన్నది చాలా మంచి లెక్క.

యూనిట్ ఎంచుకోవడంలో డ్రా శాతాలే చూసి మోసపోవద్దు. రైఫిల్ సీజన్ సాధారణంగా ఆగస్టు చివర మొదలై సెప్టెంబర్ మొదటి వారం దాకా ఉంటుంది. పగలు 32 డిగ్రీలు దాటడం మామూలే, నీడనేది ఉండదు. కాల్చిన జంతువుని రెండు, మూడు గంటల్లో ఐస్ మీదకి చేర్చగలరా అన్నది ముందు తేల్చుకుని, దానికి తగ్గ యూనిట్ చూసుకోండి. వాషో కౌంటీ ఉత్తరాన ఉన్న 011 నుంచి 015 యూనిట్లు, షెల్డన్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ ఉన్న 033 పేరున్నవి. షెల్డన్‌ని 1931లో ప్రాంగ్‌హార్న్ కోసమే పెట్టారు. కానీ అక్కడి రోడ్ల మీద నల్ల అగ్నిపర్వత రాయి టైర్ పక్కగోడల్ని కోసేస్తుంది. 10-ప్లై (మందమైన) టైర్లు, రిమ్‌తో సహా రెండు ఫుల్ సైజ్ స్పేర్లు, ప్లగ్ కిట్, కంప్రెసర్ లేకుండా వెళ్ళకండి. పక్కగోడ కోతకి ప్లగ్ పనిచేయదు, అందుకే రెండు స్పేర్లు. రాష్ట్రంలో దాదాపు 80 శాతం భూమి ఫెడరల్ ప్రభుత్వానిదే అయినా, ఐ-80 హైవే వెంబడి రైల్వే కాలం నాటి చదరంగం గళ్ళ భూములుంటాయి. ఒక చదరపు మైలు ప్రభుత్వానిది, పక్కది ప్రైవేటుది. భూమి ఎవరిదో చూపే ఓనెక్స్ లాంటి మ్యాప్ ఫోన్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, అక్కడ సిగ్నల్ రాదు. శాటిలైట్ మెసెంజర్ ఒకటి తప్పనిసరి. తాగడానికి, వాడుకోవడానికి కలిపి మనిషికి రోజుకి 7-8 లీటర్ల నీళ్ళు వేసుకోండి.

జులైలో ఒక వీకెండ్ వెళ్ళి నీళ్ళున్న చోట్లన్నీ కళ్ళతో చూసి రండి. మ్యాప్‌లో నీలి చుక్క ఉన్న సగం గుంటలు ఆగస్టుకి ఎండిపోతాయి. తడి మట్టిలో ముందువైపు సన్నగా, మొన తేలిన రెండు గిట్టల అచ్చులు ఎన్ని, ఎంత తాజాగా ఉన్నాయో చూడండి. ప్రాంగ్‌హార్న్ కాలికి వెనక చిన్న గిట్టలుండవు, మ్యూల్ డీర్ కాలికి ఉంటాయి. బురద లోతుగా ఉన్నచోట ఈ తేడా బాగా తెలుస్తుంది. రెండు సంగతులు గుర్తుంచుకోండి: జంతువులు నీళ్ళకి రాకుండా అడ్డుపడేలా నీటి గుంటకి 100 గజాల లోపు క్యాంప్ వేయడం నెవాడాలో చట్టవిరుద్ధం, ఆగస్టు 1 నుంచి డిసెంబర్ 31 దాకా పబ్లిక్ ల్యాండ్‌లో ట్రైల్ కెమెరాలు (జంతువు కదిలితే ఫొటో తీసేవి) పెట్టకూడదు.

రైఫిల్ గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. .243 విన్చెస్టర్, 6.5 క్రీడ్‌మూర్, .270 ఏదైనా సరిపోతుంది. 200 గజాలకి జీరో చేస్తే (ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా స్కోప్ సర్దితే) 6.5 క్రీడ్‌మూర్ తూటా 300 దగ్గర 7-8 అంగుళాలు కిందకి వెళ్తుంది, పక్క నుంచి గంటకి 10 మైళ్ళ గాలి వీస్తే దాదాపు 6 అంగుళాలు పక్కకి జరుగుతుంది. ఆ మైదానంలో మధ్యాహ్నం 10 మైళ్ళ గాలి చిన్న గాలే. ఈ జంతువు చిన్నది, మంచి పొట్టేలంత. ఛాతీ లోతు 14-15 అంగుళాలే. పెద్ద జింక అనుకుని కంటితో దూరం అంచనా వేస్తే తప్పుతారు, రేంజ్‌ఫైండర్ వాడండి. బెంచ్ మీద ప్రాక్టీస్ చాలించి, కూర్చుని షూటింగ్ స్టిక్స్ మీద, పడుకుని బైపాడ్ మీద కాల్చడం అలవాటు చేసుకోండి. సేజ్‌బ్రష్ పొద మోకాలెత్తు ఉంటుంది, పడుకుంటే చాలాసార్లు ఏమీ కనపడదు. 250 గజాల్లో పది తూటాలకి పదీ 8 అంగుళాల ప్లేట్‌కి తగలకపోతే అంతకన్నా దూరం కాల్చొద్దు.

ఉదయం 10 దాటాక నేల మీద వేడి అలలు లేస్తాయి, స్పాటింగ్ స్కోప్‌లో కొమ్ముల కొలత తెలియదు. తెల్లవారుజామున ఎత్తు మీద నుంచి చూసి, బక్ (మగది) ఎక్కడ పడుకుంటుందో గుర్తుపెట్టుకుని, ఎండిన వాగులో నుంచి పాకుతూ దగ్గరకి వెళ్ళాలి. మోకాలి ప్యాడ్లు, తోలు గ్లవ్స్ కావాలి. చెవి సుమారు 6 అంగుళాలు, దాన్నిబట్టి కొమ్ము పొడవు లెక్కేయండి.

మాంసం సంగతి కాస్త వివరంగా చెప్తాను. యాంటిలోప్ మాంసానికి ఘాటు వాసన అని చాలామంది అంటారు. అది మాంసాన్ని వేడిలో ఉంచడం వల్ల, వెంట్రుకలు, వాసన గ్రంథులు తగలడం వల్ల వచ్చేదే. ఫొటోలకి అయిదు నిమిషాలు మించొద్దు. వెంట్రుకలు బోలుగా, పెళుసుగా ఉండి మాంసానికి అంటుకుంటాయి, కాబట్టి తోలుని లోపలి నుంచి బయటకి కోయండి. పక్కకి పడుకోబెట్టి, వెన్ను వెంబడి గాటు పెట్టి తోలు దించండి. ముందుకాలు, వెనకతొడ, వెన్ను కండ, మెడ తీసి, తిప్పి రెండో వైపు అలాగే చేయండి. పొట్ట తెరవకుండానే పని అవుతుంది, లోపలి మెత్తటి కండ మాత్రం చివరి పక్కటెముక వెనక నుంచి చేయి పెట్టి తీయాలి. వెనకతొడని ఎముకతో మోసుకెళ్తుంటే ఎముక పొడవునా కత్తితో చీల్చి తెరవండి, వేడి అక్కడే దాక్కుని పులుపెక్కిస్తుంది. ప్లాస్టిక్ కవర్లు వద్దు, గాలాడే గేమ్ బ్యాగులే వాడండి. ఎముక తీసేస్తే 16-20 కిలోలుంటుంది, ఒక మనిషి ఒక్కసారిలో మోయగలడు. కొమ్ములున్న తల, ట్యాగ్ మాంసంతో పాటే రావాలి.

ఐస్‌బాక్స్ 100 క్వార్ట్‌ది (సుమారు 95 లీటర్లు) చాలు. ముందు రాత్రి నుంచే చల్లగా ఉంచండి. గాలన్ డబ్బాల్లో నీళ్ళు గడ్డకట్టించి తెచ్చుకోండి: అవి మాంసాన్ని తడపవు, కరిగితే తాగొచ్చు. కింద రెండు డబ్బాలు, మీద బ్యాగుల్లో మాంసం, పైన ఇంకో రెండు. ఐస్ ముక్కలు వాడితే డ్రెయిన్ తెరిచి ఉంచండి, నీళ్ళలో నానిన మాంసం తెల్లబడి రుచి పోతుంది. డ్రై ఐస్ పెడితే కారు అద్దాలు దించుకునే నడపండి, దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ మూసిన కారులో ప్రమాదం. ఇంటికొచ్చాక పిక్క ముక్కల్ని చిన్న మంట మీద మూడు గంటలు పులుసు పెట్టండి, వెన్ను కండని మాత్రం ఎక్కువ ఉడికించకండి.

ట్యాగ్ తగిలిన తర్వాత వేటకి వెళ్ళినా వెళ్ళకపోయినా జనవరి 31 లోపు హార్వెస్ట్ (వేట ఫలితం) ప్రశ్నావళి నింపి పంపాలి. పంపకపోతే జరిమానా కడితే గానీ వచ్చే ఏడాది డ్రాలోకి రానివ్వరు.