ఈసీజీ బాగానే ఉంది, మరి గుండెలో ఈ బరువేంటి డాక్టర్?

ప్రశ్న: నా వయసు 45. విశాఖ మర్రిపాలెంలో ఉంటాం. ఆరు నుంచి టెన్త్ దాకా నా పక్కనే కూర్చున్న స్నేహితుడు రెండు నెలల కిందట చనిపోయాడు. రాత్రి ఛాతీలో మంటగా ఉంటే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నాడట, తెల్లారేసరికి లేడు. అంతకు మూడు రోజుల ముందు నాకు ఫోన్ చేశాడు. పనిలో ఉన్నా, మళ్లీ చేస్తానన్నాను. చేయలేదు. అప్పటి నుంచి రాత్రి రెండింటికి మెలకువ, గుండె దడ, ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది. ఎకో (గుండె స్కాన్), ట్రెడ్‌మిల్ పరీక్ష నార్మల్. ఈసీజీ నాలుగుసార్లు తీయించాను, అదీ నార్మలే. నిద్ర కోసం రోజూ రెండు పెగ్గులు వేస్తున్నాను. ‘అతనేమైనా అన్నా, తమ్ముడా, ఇంత బాధేంటి?’ అంటున్నారు ఇంట్లో. స్నేహితుడి అమ్మగారిని చూడ్డానికి వెళ్లే ధైర్యం కూడా చాలట్లేదు. నాకేమైంది డాక్టర్?

జవాబు: ముందు ఆ ‘అన్నా, తమ్ముడా’ మాట సంగతి చూద్దాం. చుట్టం పోతే మైల ఉంటుంది, పదకొండో రోజు ఉంటుంది, ఆఫీసులో సెలవిస్తారు, పలకరించడానికి నలుగురు వస్తారు. స్నేహితుడు పోతే ఇవేవీ ఉండవు, మర్నాడే బస్సెక్కి డ్యూటీకి పోవాలి. బాధ మాత్రం అంతే ఉంటుంది. పదమూడేళ్ల వయసులో మీరెలా ఉండేవారో మీ ఆవిడకి తెలీదు, పిల్లలకి తెలీదు, అతనికి తెలుసు. ఆ సాక్షి పోయాడు. ఇంత బాధేంటని నేనైతే అడగను.

ఇక ఛాతీ గురించి. దగ్గరి మనిషి పోయిన మొదటి రోజుల్లో గుండెపోటు ప్రమాదం కాస్త పెరుగుతుందన్నది నిజమే, కాబట్టి మీరు ఒకసారి పరీక్షలు చేయించుకోవడం మంచి పనే. తట్టుకోలేని దుఃఖంలో గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే జబ్బు కూడా ఒకటుంది, 1990లో జపాన్ డాక్టర్లు మొదట దాన్ని గుర్తించారు. అలాంటిదుంటే ఎకోలో తెలిసేది. మీ ఎకో బాగుంది. అయిదో ఈసీజీ వద్దు. తీయించిన ప్రతిసారీ ఒక రోజు ధైర్యంగా ఉండి మర్నాటికి మళ్లీ అనుమానం మొదలవుతోంది కదా, అది ఈసీజీతో తీరే అనుమానం కాదు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోకపోతే మాత్రం ఈ వారమే చూపించుకోండి, సిగరెట్ ఉంటే మానేయండి.

మీకు రాత్రిళ్లు వస్తున్నది పానిక్ ఎటాక్‌లా ఉంది. అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే విపరీతమైన భయం, ఒక్కసారిగా వచ్చి పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, నెమ్మదిగా తగ్గుతుంది. మెట్లెక్కినా బరువెత్తినా ఛాతీ బరువెక్కడం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లటి చెమటలు, పావుగంట దాటినా తగ్గకపోవడం... ఇవుంటే పానిక్ అనుకుని ఊరుకోవద్దు, 108కి ఫోన్ చేయండి. అనుమానంగా ఉన్నా అంతే. మన ఊళ్లో సోడాకీ, ఈనోకీ, ‘గ్యాసే లెండి’ అన్న మాటకీ ఎంతమంది పోయారో! ఆస్పత్రిలో ఒక్క ఈసీజీ నార్మల్ అని పంపించేసినా నొప్పి ఆగకపోతే, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయమని అడగండి, కొన్ని గంటల తేడాతో రెండోసారి కూడా.

పెగ్గుల సంగతి. మందు నిద్రపుచ్చుతుంది, అర్ధరాత్రి దాటాక దాని ప్రభావం దిగుతుంటే అదే లేపేస్తుంది, గుండె దడ కూడా పెంచుతుంది. మీ రెండింటి మెలకువలో సగం దాని పుణ్యమే అనుకుంటాను. మానేయండి. దాని బదులు మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు కొనుక్కోవడం ఇంకా ప్రమాదం, అలవాటైపోతాయి. మధ్యరాత్రి లేస్తే ఫోన్ తీయకండి, లేచి కూర్చుని ఊపిరి నెమ్మదిగా వదలండి, తీసుకున్నదానికన్నా వదిలేది ఎక్కువసేపు.

ఆ ఫోన్ కాల్... గుండె రక్తనాళంలో పేరుకున్న కొవ్వు పొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది, చాలా గుండెపోట్లు వచ్చేది అలాగే. పొర చిట్లేదాకా మనిషి మామూలుగానే తిరుగుతుంటాడు. మూడు రోజుల ముందు మీరు గంటసేపు మాట్లాడినా అది ఆగేది కాదు. మాట్లాడి ఉంటే బాగుండేదన్న బాధ ఉంటుంది, ఉండనివ్వండి. దాన్ని నేరం చేసుకోకండి.

రెండు నెలలకి ఇలా ఉండటం జబ్బు కాదు. ఆరు నెలలు దాటినా పనీ తిండీ సాగకపోయినా, ఈలోగా ఎప్పుడైనా చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా ఆగకుండా సాయం తీసుకోండి. మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ 14416 ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. వాల్తేరు అనగానే మనవాళ్లు ఎగతాళి చేస్తారు, చేయనీయండి, అక్కడి ఓపీకి మీలా నిద్రపట్టని మామూలు మనుషులూ వస్తారు.

ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ చేసే అలవాటు మీ ఇద్దరికీ ఉంటే ఈసారీ చేయండి. 32 కిలోమీటర్లు, ముందు నెల నుంచీ రోజూ నడవడం మొదలుపెట్టాలి, ఎలాగూ మీ నిద్రకి అదే మందు. దారిలో జోడుగుళ్లపాలెం దగ్గర సముద్రం కనపడగానే ఏడుపొస్తే ఏడవండి.

అంతకన్నా ముందు వాళ్లమ్మగారి దగ్గరకి వెళ్లండి. ఓదార్పు మాటలేం వెతుక్కోవద్దు. స్కూల్లో మీరిద్దరూ చేసిన వెధవ పని, ఆవిడ చెవిన పడకుండా దాచింది ఒకటైనా ఉంటుంది కదా, అది చెప్పండి.