పాలమూరు షెడ్డులో గిటార్లు: ఉద్యోగం ఇప్పుడే వదలొద్దు

ప్రశ్న: "సార్, మాది మహబూబ్‌నగర్. నాకు 34 ఏండ్లు. జడ్చర్ల దగ్గర ప్రైవేటు కంపెనీల పని, చేతికి నెలకు 32 వేలొస్తయి. ఇంటి ఖర్చు 24 వేలు. భార్య, ఇద్దరు పిల్లలు. మా నాయిన వడ్రంగం పని చేస్తడు, ఇంటెనుక షెడ్డుంది. ఐదేండ్ల సంది అండ్లనే గిటార్లు చేస్తున్న, పాతవి బాగుచేస్తున్న, తీగల చప్పుడును కరెంటు సిగ్నల్‌గ మార్చే పికప్‌లు మారుస్తున్న. పోయినేడు 6 గిటార్లు ఒక్కోటి 22 వేలకు అమ్మిన, సామానుకు 11 వేలు పడుతది. రిపేర్లు నెలకు 8 దాకా వస్తయి, సగటున 700 తీసుకుంట. కట్టె కోసే బ్యాండ్‌సా, మందం తీసే ప్లేనర్, నున్నగ చేసే డ్రమ్ సాండర్, కొంత కట్టె, మొత్తం 4 లక్షలు పెడితే పూర్తిగ ఇదే చేసుకోవచ్చనిపిస్తుంది. పీఎఫ్‌ల 2 లక్షల 60 వేలున్నయి. లక్ష రూపాయల చిట్టీ ఇప్పుడు పాడితే 80 వేలొస్తయి. మిగిలిన 60 వేలు రెండు రూపాయల మిత్తికి ఇస్తమంటున్నరు. ఉద్యోగం మానెయ్యాల్నా?"

జవాబు: ఇప్పుడు మానెయ్యకండి. పని మాత్రం ఆపకండి. ఈ రెండు మాటలూ ఎందుకంటున్నానో మీ అంకెలతోనే చూపిస్తాను.

మీ ఉత్తరంలో డబ్బంతా ఉంది కానీ గంటలు లేవు. తిరిగి అడిగితే గిటారుకు 90 గంటలు, రిపేరుకు రెండు గంటలు పడుతుందని చెప్పారు. గిటారు మీద మిగిలేది 11 వేలు. దాన్ని 90తో భాగిస్తే గంటకు 122 రూపాయలు. రిపేరులో తీగలు, చిన్నాచితకా సామాను 200 పోతే 500 మిగులుతుంది, అంటే గంటకు 250. కంపెనీలో నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటల లెక్కన గంటకు 154 పడుతోంది. పైగా కంపెనీ మీ పీఎఫ్‌లో తన వాటా కూడా వేస్తోంది. మీరు ప్రాణం పెట్టి చేసే గిటారే ఈ మూడింటిలో తక్కువ కూలి ఇస్తోంది. చదవడానికి బాధగా ఉంటుందని తెలుసు. కానీ మీరు ఉద్యోగం వదిలి ఎక్కువ చేయాలనుకుంటున్నది ఆ పనే కాబట్టి చెప్పక తప్పదు.

జీతం అంత డబ్బు గిటార్ల మీదే రావాలంటే ఏడాదికి 35 గిటార్లు అమ్మాలి. 90 గంటల చొప్పున అవి 3,150 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున నెలకు 26 రోజులు పనిచేసినా ఏడాదికి 2,496 గంటలే. మెషిన్లతో 90 గంటలు 60కి దిగుతాయంటారు, నిజమే కావచ్చు. కట్టె కోయడం, మందం తీయడం తొందరగా అవుతాయి. అయితే ఫ్రెట్లు (గిటారు మెట్లు) దించడం, తీగలు ఆనే నట్ చెక్కడం, జిగురు ఆరేదాకా ఆగడం, పాలిష్ మీద పాలిష్ వేయడం చేతిపనే, దానికి మెషిన్ లేదు. సరే, 30 గంటలు తగ్గాయనే అనుకుందాం. ఇప్పుడున్న 6 ఆర్డర్లకు మిగిలేవి 180 గంటలు. గంటకు 122 చొప్పున దాదాపు 22 వేలు. దానికి మీరు ఇస్తున్న ధర చూడండి. పీఎఫ్ మీద వచ్చే వడ్డీ పోతుంది, 8 శాతం లెక్కన ఏడాదికి 20,800. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం, 60 వేలకు 14,400. చిట్టీ తొందరపడి పాడినందుకు పోయే 20 వేలు వేరే. 22 వేలు మిగుల్చుకోవడానికి ఏడాదికి 35 వేలు పోగొట్టుకోవడం అవుతుంది. మీకు తక్కువైంది మెషిన్ కాదు, 29 మంది కొనేవాళ్లు. వాళ్లు బ్యాండ్‌సాతో రారు.

మిర్యాలగూడలో నా దగ్గరికి వచ్చిన ఒక ఫర్నిచర్ పనివాడు ఇలాగే అప్పుచేసి మెషిన్ కొన్నాడు. నేను చూడటానికి వెళ్లినప్పుడు దాని మీద గోనెసంచి కప్పి ఉంది. కిస్తీ కోసం ఆయన ఇతరుల షాపుల్లో కూలికి పోతున్నాడు. ఆ దృశ్యం నేను మరిచిపోలేదు.

పీఎఫ్‌ని అసలు ముట్టుకోకండి. కొత్త పైసా వేయకపోయినా ఆ 2 లక్షల 60 వేలు 8 శాతం లెక్కన మీకు 58 ఏళ్లు వచ్చేసరికి 16 లక్షలు దాటుతాయి. చిట్టీ కూడా చివరిదాకా ఉంచండి, అది రిజిస్టరైన చిట్టీయేనా అన్నది మాత్రం ఈ వారమే చూసుకోండి. చేతికొచ్చే ఆ లక్షకు ఇంకో 44 వేలు కలిపితే ఆరు నెలల ఇంటి ఖర్చు. అది వర్క్‌షాపు డబ్బు కాదు, మీ పిల్లల డబ్బు.

ఇక చేయాల్సింది. కిన్నెరకు ఉన్నట్టే గిటారుకూ మెట్లే ప్రాణం. 12 మెట్ల కిన్నెరతో దర్శనం మొగులయ్య గారు 2022లో పద్మశ్రీ తెచ్చిన గడ్డ మీద మీకు ఈ మాట వివరించక్కర్లేదు. కొత్త ఫ్యాక్టరీ గిటారు కొన్న పిల్లలు నెలలోపే వేళ్లు నొప్పి అని మూలకు పెడతారు. తీగ ఎత్తు ఎక్కువ ఉంటుంది, ఫ్రెట్ల అంచులు గీరుకుంటాయి. దాన్ని రెండు గంటల్లో వాయించేలా చేసే చెయ్యి మీది. మహబూబ్‌నగర్, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో మెన్నొనైట్ బ్రదరెన్ చర్చిలు తరాలుగా ఉన్నాయి. ఇతర సంఘాలు, కాలేజీలు, పెళ్లి బ్యాండ్లు సరేసరి. క్రిస్మస్‌కి ముందు నవంబరులో సంఘానికి వెళ్లి అక్కడున్న గిటార్లన్నీ ఒకేసారి సర్వీసు చేస్తానని అడగండి. హైదరాబాద్ వంద కిలోమీటర్లే కాబట్టి ఒకట్రెండు మ్యూజిక్ షాపులతో సెటప్ పని, అంటే గిటార్లను వాయించేలా సరిచేసే పని, మాట్లాడుకోవచ్చు. నెలకు 8 రిపేర్లు 20 అయితే 10 వేలు మిగులుతాయి, 40 గంటలు పడతాయి. ఉద్యోగం చేస్తూనే అవుతుంది. దీనికి కావలసింది మంచి ఫ్రెట్ ఫైళ్లు, నట్ ఫైళ్లు, ఫ్రెట్లను సమం చేసే లెవెలింగ్ బీమ్, మంచి సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్. 40 వేలు దాటనివ్వకండి, అదీ నెలనెలా మిగిలే 8 వేల నుంచి కొంత, రిపేర్ల డబ్బు నుంచి కొంత తీసి కొనండి.

గిటార్లు చేయడం మానొద్దు, ధర మార్చండి. 28 వేలు అడగండి, సగం అడ్వాన్సు తీసుకున్నాకే కట్టె కొయ్యండి. సామాను ఖర్చు కొనేవాళ్ల డబ్బుతోనే వెళ్లిపోతుంది. ఒక్కో గిటారు మీద 1,500 పక్కన పెట్టండి. ఎందుకంటే మన ఎండలు మీకు తెలుసు. మేలో ఎండిన కట్టె ఆగస్టులో తేమ పీల్చి ఉబ్బుతుంది, అదే గిటారు ఏసీ గదికి పోతే పగులుతుంది, నెక్ వంగుతుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉన్న రోజుల్లోనే జిగురు పని పెట్టుకోండి, తేమ చూపే చిన్న మీటరు షెడ్డులో తగిలించండి. వెనక్కి వచ్చిన గిటారుకు ఆ 1,500 ఆసరా. అంతా పోగా 15,500 మిగులుతుంది, గంటకు 172. అప్పుడు అది మీ ఉద్యోగాన్ని దాటుతుంది. 28 వేలకు ఎవరూ కొనకపోతే ఆ సంగతి కూడా ఉద్యోగం ఉండగానే తెలియడం మేలు.

జిట్రేగి (రోజ్‌వుడ్) కట్టె బిల్లు లేకుండా కొనకండి, కూల్చిన ఇంటి దూలమైనా సరే కాగితం ఉండాలి. ఆ చెట్టు జాతి మొత్తం 2017 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది. పూర్తయిన వాయిద్యాలకు 2019లో మినహాయింపు వచ్చింది కానీ విడి చెక్కకు కాదు. ఇంకొకటి, బెంగళూరుకు ఒక గిటారు అమ్మానని చెప్పారు. తెలంగాణలో టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గానీ, వేరే రాష్ట్రానికి వస్తువు అమ్మితే సాధారణంగా మొదటి రూపాయి నుంచే కావాలి. రిపేరు సేవకు ఆ ఇబ్బంది లేదు. తర్వాతి బయటి ఆర్డరుకు ముందే జీఎస్టీ ప్రాక్టీషనర్‌ని అడగండి. చిన్న వ్యాపారాలు చేయించుకునే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, ఎవరికీ డబ్బివ్వకండి.

అప్పు కావలసి వస్తే మిత్తి వ్యాపారి కంటే ముందు మీ నాన్నగారి వైపు చూడండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఉంది. పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక 2 లక్షల దాకా ఇస్తారు. జీతం మీదున్న మీ పేరుతో కాదు, స్వయంగా పని చేసుకుంటున్న ఆయన పేరుతో, ఆయన ఇష్టపడితేనే. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు పట్టుకుని సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్)లో కనుక్కోండి. తీర్చే బాధ్యత ఆయన మీద పడుతుందన్నది ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నాకే సంతకం.

షెడ్డులో లక్క, థిన్నర్, రంపపు పొట్టు ఒకేచోట ఉన్నాయని మీ ఫోటోలో చూశాను, నాకు భయమేసింది. నైట్రోసెల్యులోజ్ లక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది. థిన్నర్ డబ్బాలు ఈ రోజే బయటికి మార్చండి, ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కొనండి. ఇంటి బీమా ఉంటే షెడ్డులో వ్యాపారం జరుగుతోందని కంపెనీకి రాసి ఇవ్వండి, లేకపోతే క్లెయిమ్ రోజున చిక్కు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి నలుగురికీ సొంత పాలసీ ఇప్పుడే మొదలుపెట్టండి.

ఉద్యోగం ఎప్పుడు వదలొచ్చు అంటే, వర్క్‌షాపుకు వేరే బ్యాంకు ఖాతా తెరిచి వరుసగా 12 నెలలు నెలకు 20 వేలకు తగ్గకుండా మిగిలినప్పుడు, ఆరు నెలల ఖర్చు విడిగా ఉన్నప్పుడు. అప్పటికి రిపేర్ల కోసమే రోజులు చాలకపోతే బ్యాండ్‌సా గురించి మళ్లీ రాయండి. ఈ లోపు షెడ్డు గోడకు ఒక నోటుబుక్కు వేలాడదీసి, ఏ గిటారు మీద ఎన్ని గంటలు పట్టాయో రోజూ రాయండి. డిసెంబరు పూర్తయ్యాక ఆ పేజీల ఫోటోలు పంపండి, ఇద్దరం కలిసి లెక్క చూద్దాం.