స్కానింగ్‌లో ఏడీహెచ్‌డీ కనిపిస్తుందా?

ధ్యాస నిలవకపోవడం, అతి చురుకు, తొందరపాటు లాంటివి పిల్లల్ని ఇబ్బంది పెట్టే సమస్యను ఏడీహెచ్‌డీ అంటారు. కుదురుగా కూర్చోలేని, చెప్పింది చెవికెక్కని పిల్లల గురించి ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు మెదడు చుట్టూనే తిరిగాయి. వాటిలో నాలుగింటికి పిల్లల మానసిక వైద్య బృందం ఇచ్చిన జవాబులివి.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. క్లాసులో సీట్లో ఉండడు. టీచర్ ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు అరిచేస్తాడు. పెన్సిళ్లు, లంచ్ బాక్సు ఎక్కడ పెట్టాడో తెలియదు. ఏడీహెచ్‌డీ కావచ్చని స్కూల్లో అన్నారు. ఎమ్మారై తీయిస్తే బుర్రలో లోపమేదో తేలిపోతుందని మా మరిది గారు పట్టుబడుతున్నారు. తీయించాలా? (ఒక తల్లి, గుంటూరు)

జవాబు: అక్కర్లేదమ్మా. ఏడీహెచ్‌డీ ఉందో లేదో ఎమ్మారై చెప్పలేదు. అలాగని ఈ పిల్లల మెదడులో తేడా లేదని కాదు, ఉంది.

నుదుటి వెనక ప్రిఫ్రంటల్ కార్టెక్స్ ఉంటుంది. నోటిదాకా వచ్చిన మాటను ఆపుకోవడం, టీచర్ చెప్పిన రెండు మూడు పనులను వరుసగా గుర్తుంచుకోవడం దీని పని. మెదడు లోపల ఉండే కాడేట్, పుటమెన్, అక్యుంబెన్స్ అనే భాగాలు ఏ పని మొదలుపెట్టాలి, దేన్ని వదిలేయాలి, దేనికి ఫలం దక్కుతుంది అన్నవి తేల్చడంలో పాలుపంచుకుంటాయి. తల వెనక కిందుగా ఉండే చిన్నమెదడు సమయాన్ని, కదలికల లయను చూసుకుంటుంది. ఇవన్నీ ఒకదానితో ఒకటి నిరంతరం సంకేతాలు పంపుకుంటూ పనిచేస్తాయి.

2017లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ పరిశోధక బృందం ఏడీహెచ్‌డీ ఉన్న 1,713 మంది, లేని 1,529 మంది స్కాన్లను పోల్చింది. ఉన్నవారిలో మెదడు లోపలి భాగాలైన అక్యుంబెన్స్, అమిగ్డలా, కాడేట్, పుటమెన్, హిప్పోకాంపస్ సగటున కాస్త చిన్నగా ఉన్నాయి. ఆ తేడా పిల్లల్లోనే స్పష్టంగా కనిపించింది, పెద్దవాళ్లలో కనిపించలేదు. అసలు విషయం ఆ ‘కాస్త’లోనే ఉంది. అన్నిటికంటే ఎక్కువ తేడా వచ్చిన అమిగ్డలాలో కూడా రెండు గుంపుల కొలతలు నూటికి 90 వంతులకు పైగా కలిసిపోతాయి. సగటున మగవాళ్లు ఆడవాళ్లకంటే పొడుగే అయినా, ఎత్తు ఒక్కటే చెప్పి ఆ మనిషి ఆడో మగో చెప్పమంటే చెప్పలేం కదా. ఇక్కడి తేడా దానికంటే ఎన్నో రెట్లు చిన్నది. 2011లో స్కాన్ల ఆధారంగా ఏడీహెచ్‌డీని కనిపెట్టే పోటీ ఒకటి జరిగింది. అందులో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయం బృందం స్కాన్లను ముట్టుకోకుండా వయసు, ఆడా మగా, తెలివితేటల స్కోరు లాంటి వివరాలతోనే, స్కాన్లు వాడిన బృందాలకంటే ఎక్కువ సరైన అంచనాలు ఇచ్చింది. అందుకే, స్కాన్ చూసి ఏడీహెచ్‌డీ తేల్చేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

మీ బాబు విషయంలో పనికొచ్చేది 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం. ఏడీహెచ్‌డీ ఉన్న 223 మంది, లేని 223 మంది పిల్లల స్కాన్లను వారు పరిశీలించారు. మెదడు పైపొర సగం ప్రాంతాల్లో పూర్తి మందానికి చేరే వయసు మామూలు పిల్లల్లో ఏడున్నరేళ్లు, ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో పదిన్నర. ఆలస్యం ఎక్కువగా నుదుటి వెనక భాగంలోనే కనబడింది. కదలికలను నడిపే భాగం మాత్రం వీళ్లలో కొంచెం ముందే ఎదిగింది. కదిలించే భాగం ముందుండి, ఆపే భాగం వెనకబడితే పిల్లవాడు సీట్లో ఉండలేకపోవడంలో వింతేముంది? ఇది పెంపకంలో లోపం కాదు, మొండితనం కాదు. అయితే ‘మూడేళ్లు ఆగితే అదే సర్దుకుంటుంది’ అని కూడా అనుకోవద్దు. చాలామందిలో పరుగులు, గెంతులు తగ్గినా మతిమరుపు, పనులు వాయిదా వేయడం పెద్దయ్యాక కూడా మిగులుతాయి.

నిర్ధారణ జరిగేది ప్రవర్తనను చూసి. ధ్యాస లోపానికి తొమ్మిది, అతి చురుకు, తొందరపాటు రెంటికీ కలిపి తొమ్మిది లక్షణాలున్నాయి. ఏదో ఒక జాబితాలో ఆరైనా ఆరు నెలలకు పైగా ఉండాలి. పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి. ఇంట్లో, బడిలో రెండుచోట్లా కనిపించాలి, చదువుకో స్నేహాలకో అడ్డుపడాలి. కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు స్కాన్ రిపోర్టుకు బదులు క్లాస్ టీచర్ రాసిచ్చిన ఒక పేజీ, పిల్లవాడి నోటు పుస్తకాలు రెండు పట్టుకెళ్లండి. చెవి, కన్ను పరీక్షలు చేయించండి. రాత్రి గురక పెడతాడేమో చూడండి. గొంతులోని టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ వాచడం వల్ల నిద్ర చెడిన పిల్లలు అచ్చం ఇలాగే ఉంటారు.

ఎమ్మారై ఎప్పుడు కావాలంటే: ఫిట్స్ వచ్చినా, తలకు గట్టి దెబ్బ తగిలినా, వచ్చిన మాటలు, నడక వెనక్కి పోతున్నా, ఒక పక్క కాలూ చెయ్యీ బలహీనపడినా, పొద్దున్నే తలనొప్పితో వాంతులవుతున్నా. ఇవేవీ లేని పిల్లవాణ్ని ఆ మిషన్‌లో అరగంటకు పైగా కదలకుండా ఉంచాలంటే మత్తు ఇవ్వాల్సి రావచ్చు. అవసరం లేని మత్తు ఎందుకు?

జిల్లా ఆసుపత్రుల్లోని డీఈఐసీ (పిల్లల సమస్యలను ముందే గుర్తించి సాయం చేసే జిల్లా కేంద్రం) కేంద్రాల్లో పిల్లల ఎదుగుదల, ప్రవర్తన సమస్యలను ఉచితంగా చూస్తారు. ఎవరిని కలవాలో తోచకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: సెల్‌ఫోన్‌లో గేమ్ అయితే రెండు గంటలు కదలడు. హోంవర్క్ అంటే పది నిమిషాలు కూర్చోడు. ఇది జబ్బెలా అవుతుంది, బద్ధకం కాదా? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: ఈ అనుమానం దాదాపు ప్రతి ఇంట్లో వస్తుంది. ఏడీహెచ్‌డీలో లోటు ధ్యాస లేకపోవడం కాదు, కావలసిన చోట దాన్ని నిలపలేకపోవడం. గేమ్‌లో ప్రతి కొన్ని సెకన్లకూ ఒక పాయింటో, చప్పుడో, కొత్త రంగో వస్తుంది. ఫలం మీద ఆసక్తి పుట్టించే మెదడు రసాయనం డోపమిన్ సంకేతాలకు అది సరిపోతుంది. ఎక్కాలకు దక్కే ఫలం పరీక్షలప్పుడు, అంటే నెలల తరవాత. ఆలస్యంగా వచ్చే ఫలానికి ఈ పిల్లల మెదడులో విలువ చాలా త్వరగా పడిపోతుంది. అందుకే ‘ఫస్టొస్తే సైకిల్ కొంటా’ అన్న మాట పనిచేయదు.

చేయాల్సింది ఫలాన్ని దగ్గరికి తేవడం. ఒక కాగితం మీద ఐదు లెక్కలే రాసివ్వండి, మిగతా పేజీ మూసేయండి. ఎదురుగా ముల్లులున్న గడియారం పెట్టి పది నిమిషాలు చూపించండి. కుర్చీ గోడవైపు తిప్పండి, టీవీ ఆపండి. ఐదూ పూర్తికాగానే, అక్కడికక్కడే, ఒక చుక్క పెట్టి ఏం బాగా చేశాడో చెప్పండి: ‘మధ్యలో లేవకుండా చేశావు’ అని. తరవాత మూడు నిమిషాలు లేచి తిరగనివ్వండి. నాలుగు చుక్కలు పడితే ఆ సాయంత్రమే మీతో పావుగంట క్యారమ్స్.

చాలామంది దెబ్బతినేది మూడు చోట్ల. విరామంలో ఫోన్ ఇస్తారు, ఇక వాణ్ని మళ్లీ కుర్చీలోకి తేలేరు. పెట్టిన చుక్కను కోపంలో కొట్టేస్తారు, దాంతో పిల్లవాడికి ఆటమీదే నమ్మకం పోతుంది. మొదటి వారమే పెద్ద లక్ష్యం పెడతారు. మొదట్లో ఐదింటిలో నాలుగుసార్లు గెలిచేంత తేలిగ్గా ఉండాలి. రెండు వారాలయ్యాక ఐదు లెక్కల్ని ఏడు చేయండి. చెప్పే మాట కూడా వంటింట్లోంచి అరిస్తే చేరదు. దగ్గరికెళ్లి, కళ్లలోకి చూసి, ఒక్క పనే చెప్పి, తిరిగి చెప్పించుకోవాలి.

ప్రశ్న: మా క్లాసులో ఒక పాప అల్లరి చేయదు. కానీ కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది, పిలిస్తే పలకదు. ఇదీ అదేనా? (ఉపాధ్యాయిని, కరీంనగర్)

జవాబు: కావచ్చు. అల్లరి లేని ఏడీహెచ్‌డీ ఆడపిల్లల్లో ఎక్కువగా మరుగున పడిపోతుంది. మీరు గమనించడం ఆ పాప అదృష్టం. మన ఆలోచనలు ఎటో తిరుగుతున్నప్పుడు పనిచేసే మెదడు భాగాలు, పనిలో దిగగానే వెనక్కి తగ్గాలి. ఈ పిల్లల్లో అవి సరిగా తగ్గడం లేదన్నది పరిశోధకుల్లో బలంగా ఉన్న అభిప్రాయం.

అయితే ముందు ఒకటి తేల్చుకోవాలి. పాప చూపు నిలిచిపోయినప్పుడు భుజం తట్టండి. తడితే వెంటనే ఈ లోకంలోకి వస్తే అది పరధ్యానం. తట్టినా పది సెకన్లపాటు స్పందన లేక, కనురెప్పలు అదురుతూ, తరవాత ఏమీ జరగనట్టు ఆగిన చోటినుంచే రాయడం మొదలుపెడితే, అది ఆబ్సెన్స్ అనే రకం ఫిట్స్ కావచ్చు. ఇవి రోజుకు పదులసార్లు రావచ్చు. ఇక్కడ మాత్రం ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పరీక్ష) తప్పనిసరి. ఆ పరీక్షలో మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి పీల్చి వదలమంటారు, అప్పుడు చాలామందిలో అది బయటపడుతుంది. దీనికి వేరే మందులున్నాయి, బాగా పనిచేస్తాయి. ఎన్ని గంటలకు, ఎంతసేపు అన్నది వారం రోజులు రాసి తల్లిదండ్రుల చేతికివ్వండి.

ప్రశ్న: మా మనవడికి ఏడీహెచ్‌డీకి మిథైల్‌ఫెనిడేట్ అనే మాత్ర రాశారు. అది వాడితే మెదడు కుంచించుకుపోతుందని విన్నాం. (ఒక అమ్మమ్మ, విజయనగరం)

జవాబు: ఈ భయం మీద పరిశోధన జరిగిందమ్మా. 2002లో అమెరికాలో 152 మంది ఏడీహెచ్‌డీ పిల్లలను, 139 మంది మామూలు పిల్లలను పోల్చారు. ఏడీహెచ్‌డీ పిల్లల మెదడు సగటున 3 శాతం చిన్నదే. కానీ మందు ఎన్నడూ వాడని పిల్లల్లోనూ తేడా ఉంది. పైగా మెదడులోని తెల్ల పదార్థం (భాగాలను కలిపే నాడీతంతువులు) తగ్గింది మందు వాడనివారిలోనే. కాబట్టి ఆ తేడాకు కారణం మాత్ర కాదు.

నాడీకణాల మధ్య విడుదలైన డోపమిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు వెంటనే వెనక్కి వెళ్లిపోకుండా ఈ మాత్ర అడ్డుకుంటుంది. మామూలుగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారానికొకసారి చూసుకుంటూ డాక్టర్ పెంచుతారు. మామూలు మాత్ర ప్రభావం మూడు నాలుగు గంటలే. ఆకలి తగ్గిస్తుంది కనుక టిఫిన్ పెట్టాకే వేయండి. మధ్యాహ్నం తక్కువ తిన్నా రాత్రి ప్రభావం తగ్గాక బాగా తింటాడు, అప్పుడు కడుపునిండా పెట్టండి. సాయంత్రం వేస్తే నిద్ర పట్టదు. బరువు మూడు నెలలకు, ఎత్తు, నాడి, బీపీ ఆరు నెలలకు చూపించాలి. మీ కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో గుండె ఆగి హఠాత్తుగా చనిపోయి ఉంటే మాత్ర మొదలుపెట్టకముందే డాక్టర్‌కు చెప్పండి. ఆరేళ్లలోపు పిల్లలకైతే మొదట మందు కాదు, తల్లిదండ్రులకు శిక్షణ.