ఇంట్రడక్షన్ కంటే ముందు నీ ప్రశ్న రాయి

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నల్గొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద నువ్వు రాసి పంపిన రీసెర్చ్ పేపర్ మొత్తం చదివాను. ఫలితాల భాగం గట్టిగా ఉంది. బోర్ల లోతును బట్టి ఫ్లోరైడ్‌ను విడివిడిగా చూపించిన పటం చూసి చాలా సంతోషించాను. బోరు ఎంత లోతు వేశారో ఎవరూ కాగితం మీద రాసిపెట్టుకోరు. రైతు ఇంటికి వెళ్లి, కూర్చుని, అడిగి తెలుసుకోవాలి. ఆ ఓపిక నీకుంది. కానీ ఇంట్రడక్షన్ దగ్గరకొచ్చేసరికి అదే మనిషి రాసినట్టు లేదు. రెండున్నర పేజీలు చదివినా, నువ్వు ఏం తెలుసుకోవాలని ఆ ఊళ్లు తిరిగావో నాకు అంతుపట్టలేదు. మీ గైడ్ "ఇంట్రడక్షన్ బలహీనంగా ఉంది" అని ఒక్క ముక్క రాసి పంపారనీ, నువ్వు టెన్షన్ పడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఆ ఒక్క ముక్కలో ఏమేం ఉన్నాయో నాకు తోచినట్టు రాస్తున్నాను. కొంచెం పెద్ద ఉత్తరమే అవుతుంది, తీరిగ్గా చదువుకో.

ముందుగా, ఇప్పుడున్న ఇంట్రడక్షన్‌ను దిద్దడానికి కూర్చోకు. పక్కన పెట్టేసి, ఖాళీ పేజీ మీద నీ ప్రశ్న రాయి. ఇంగ్లీషులో కూడా వద్దు, తెలుగులో రాయి. మర్రిగూడలో నీకు నీళ్ల శాంపిల్ ఇచ్చిన రైతు "ఏం కనుక్కుందామని పట్టుకెళ్తున్నావమ్మా?" అని అడిగితే ఏం చెప్తావో అదే రాయి. నీ ఫలితాలను బట్టి చూస్తే నీ ప్రశ్న ఇదనుకుంటున్నాను: వానలు పడ్డాక బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గుతుందా, పెరుగుతుందా, అది బోరు లోతును బట్టి మారుతుందా? ఇంత మంచి ప్రశ్న నీ ఇంట్రడక్షన్‌లో ఎక్కడా లేదు. చివర్లో "నల్గొండ జిల్లాలో భూగర్భ జలాల నాణ్యతను అంచనా వేయడం ఈ అధ్యయనం లక్ష్యం" అని మాత్రం ఉంది. అంచనా వేయడం పని. ఆ పని దేనికోసం చేశావన్నది ప్రశ్న. నీ చివరి పేరాలో ఆ ప్రశ్న కనపడాలి. అందుకే ఆ పేరా ముందు రాసుకో. అది కుదిరాక, పైన ఏం ఉండాలో, ఏం అక్కర్లేదో దానంతట అదే తేలిపోతుంది.

అలా తేలాక నీ డ్రాఫ్ట్‌లో సగం పోతుంది. బాధపడకు. "సమస్త జీవకోటికి నీరే ఆధారం" అనే మొదటి వాక్యం తీసెయ్యి. నీ పేపర్ చదివేవాళ్లు భూగర్భ జలాల మీద పనిచేసేవాళ్లు, వాళ్లకి ఆ మాట చెప్పాల్సిన పని లేదు. మొదటి వాక్యం నుంచే గ్రానైట్ రాళ్ల ప్రాంతాల్లో ఫ్లోరైడ్ అనే విషయంలోకి వచ్చెయ్యి. తర్వాత ఫ్లోరోసిస్ గురించి రాసిన పేజీ. గారపళ్లు, వంగిపోయిన నడుములు, చిన్నవయసులోనే కదల్లేని కీళ్లు... నువ్వు కళ్లారా చూసి రాశావని తెలుస్తోంది. కానీ నీ పేపర్లో ఆరోగ్యానికి సంబంధించిన కొలత ఒక్కటీ లేదు. ఒక పేజీ జబ్బు గురించి చదివినవాళ్లు ముందుకెళ్తే జబ్బు లెక్కలు వస్తాయని ఎదురుచూస్తారు. రెండు వాక్యాలు చాలు: ఎంత మోతాదు దాటితే ఏమవుతుంది, పరిమితి ఎంత. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మన దేశ ప్రమాణం 1.0 అంటుంది, వేరే నీళ్లు దొరకని చోట మాత్రం 1.5 దాకా ఒప్పుకుంటుంది. ఈ రెండింటిలో నీ ఫలితాలను దేనితో పోల్చావో ఇక్కడే చెప్పు. నీ డ్రాఫ్ట్‌లో ఇంట్రడక్షన్ ఒక సంఖ్య చెప్తుంటే పట్టిక ఇంకోటి వాడుతోంది.

నల్గొండ టెక్నిక్ గురించి రాసిన పేరా కూడా తీసెయ్యాలి. అది తీసెయ్యమనడానికి నాకూ మనసు రావడం లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ లాంటి చవకైన సరుకులతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి, నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ తయారుచేసింది, ప్రపంచమంతా మన జిల్లా పేరుతోనే పిలుస్తుంది. ఎవరికైనా రాయాలనిపిస్తుంది. కానీ నీ పేపర్ ఫ్లోరైడ్ తీసెయ్యడం గురించి కాదు, అది నీళ్లలోకి ఎలా వస్తుందనే దాని గురించి. ఆ పేరాను నీ థీసిస్‌కి దాచుకో. అక్కడ మొదటి అధ్యాయం ఎంత విస్తారంగా రాసినా ఎవరూ వద్దనరు. థీసిస్ అధ్యాయాన్ని కుదించి పేపర్ ఇంట్రడక్షన్ చేద్దామని చూడటం వల్లే చాలామందికి ఈ భాగం కుదరదు. నీదీ అలాగే జరిగిందని నా అనుమానం.

ఇక అసలు విషయం. నువ్వు రాశావు: "ఈ మండలాల్లో ఇంతవరకు ఇలాంటి అధ్యయనం జరగలేదు." ఇది నిజమే కావచ్చు, కానీ కారణంగా నిలబడదు. దేశంలో ఏ మండలం పేరు పెట్టినా ఈ వాక్యం రాయొచ్చు. అచ్చుకు ముందు పేపర్‌ను పరిశీలించి సవాలు విసిరే రివ్యూయర్ "జరగకపోతే ఏం? జరిగితే కొత్తగా ఏం తెలుస్తుంది?" అని అడుగుతాడు. దానికి జవాబు నీ డ్రాఫ్ట్‌లోనే ఉంది, కాకపోతే చెల్లాచెదురుగా ఉంది. రెండో పేజీలో నువ్వు కొన్ని పేపర్లు చెప్పావు, వానల తర్వాత ఫ్లోరైడ్ తగ్గిందని వాటిలో ఉంది. కొత్త నీళ్లు దిగి పలచన చేశాయని వాళ్ల వివరణ. మూడో పేజీలో వేరే పేపర్లు చెప్పావు, వాటిలో వానల తర్వాత పెరిగిందని ఉంది. ఎండాకాలం ఆవిరై నేల పొరల్లో పేరుకున్న లవణాలను వాన నీళ్లు కరిగించి కిందకు దింపాయని వీళ్ల వివరణ. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుతిరుగుతున్నాయని నువ్వు ఎక్కడా అనలేదు! రెండు జట్ల పేపర్లనూ ఎదురెదురుగా ఒకే పేరాలో నిలబెట్టు. తర్వాత, ఆ పేపర్లలో లోతు తక్కువ బావులనూ లోతైన బోర్లనూ కలిపి ఒకే సగటు తీశారో లేదో ఒక్కొక్కటీ తెరిచి చూడు. తీసి ఉంటే అదే చెప్పు: పైపొరల్లో శిథిలమైన రాతిలోని నీళ్లకూ, లోపల పగుళ్లలో చాలాకాలం నిలిచిపోయిన నీళ్లకూ వాన ఒకేలా పనిచేయదు, కాబట్టి రెండిటినీ కలిపి చూసినప్పుడు అసలు సంగతి కనపడకపోవచ్చు. ఇదీ నువ్వు చూపించాల్సిన ఖాళీ. ఇలా రాస్తే నీ పేపర్ నల్గొండలో వాళ్లకే కాదు, గ్రానైట్ ప్రాంతం ఎక్కడున్నా అక్కడ పనిచేసేవాళ్లకి పనికొస్తుంది.

ఆ పేపర్లు తెరిచి చూశాక నీ అనుమానం తప్పని తేలితే, ఎవరో ఒకరు లోతును విడదీసే చూశారని కనపడితే, దాచకు. వాళ్లు ఏం చూశారో రాసి, నువ్వు ఎక్కడ ముందుకెళ్లావో చెప్పు. కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న క్షార నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కరుగుతుందని అందరికీ తెలుసు. నువ్వు ప్రతి శాంపిల్లో ఇవన్నీ కొలిచావు. ఆ మార్గంలోనైనా నీకంటూ ఒక చోటు ఉంటుంది.

ఇంట్రడక్షన్‌ల తీరును పరిశీలించిన జాన్ స్వేల్స్ అనే భాషావేత్త 1990లో దీన్నే మూడు అడుగులుగా చెప్పాడు: క్షేత్రాన్ని పరిచయం చేయడం, అందులో ఖాళీని చూపడం, ఆ ఖాళీలో తన పనిని నిలపడం. మీ వర్క్‌షాప్‌లో కూడా ఇది చెప్పే ఉంటారు. కాకపోతే మూడూ సమానమనుకుని చాలామంది మొదటి దానికే పేజీలు ఖర్చుపెడతారు. నా అభిప్రాయంలో ప్రాణం రెండో దానిలో ఉంది.

ఇతరుల పనిలో లోపం చెప్పాలంటే నీకు బెరుకని నాకు తెలుసు, అందులో ఇద్దరు నీ రంగంలో పెద్ద ప్రొఫెసర్లు కూడాను. దీనికి నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ ఒకటుంది. 1953 ఏప్రిల్ 25న నేచర్ పత్రికలో డీఎన్ఏ నిర్మాణం మీద వాట్సన్, క్రిక్ రాసిన చిన్న పేపర్ వచ్చింది. ఒక నిర్మాణాన్ని ప్రతిపాదిస్తున్నామని మొదటి వాక్యంలోనే చెప్పేశారు. ఆ వెంటనే, పాలింగ్, కోరీ అప్పటికే వేరే నిర్మాణం ప్రతిపాదించారని రాశారు. పాలింగ్ అంటే అప్పటికి రసాయన శాస్త్రంలో మహా పెద్ద పేరు. పాలింగ్, కోరీ తమ రాతప్రతిని అచ్చుకు ముందే చూడనిచ్చినందుకు వాట్సన్, క్రిక్ వాళ్లకి కృతజ్ఞత చెప్పారు. చెప్పి, ఆ నిర్మాణం ఎందుకు సరిపోదో రెండు కారణాలు చూపించారు: ఆమ్లపు హైడ్రోజన్లు లేకపోతే, ఇరుసు దగ్గరున్న రుణావేశపు ఫాస్ఫేట్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటుంటే దాన్ని పట్టి ఉంచేదేమిటి అనేది ఒకటి, కొన్ని పరమాణువుల మధ్య దూరాలు మరీ తక్కువగా ఉన్నాయనేది రెండోది. మనుషుల గురించి ఒక్క మాట లేదు, అంతా రసాయన శాస్త్రమే. నువ్వూ అలాగే రాయి. "వారు పట్టించుకోలేదు" అనకు, "లోతును బట్టి విడదీయలేదు కాబట్టి ఈ తేడా కనపడే వీల్లేదు" అను.

అదే పేపర్ ఇంకో పాఠం కూడా చెప్తుంది, అది వేరే రకం. లండన్ కింగ్స్ కాలేజీలో విల్కిన్స్, రోజలిండ్ ఫ్రాంక్లిన్ చేసిన ఇంకా అచ్చుకాని ప్రయోగాల ఫలితాలు ఆ నిర్మాణానికి ఎంతో ఆధారమయ్యాయి. ఆ సంగతి పేపర్ చివర, వాటి స్వభావం స్థూలంగా తెలియడం తమకు ఉత్తేజాన్నిచ్చిందన్న ఒక్క వాక్యంలో ముగిసింది. ఫ్రాంక్లిన్‌కు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదని ఇప్పటికీ అందరూ అనుకుంటూనే ఉన్నారు. ఎవరి పని మీద నిలబడి మన ప్రశ్న పుట్టిందో ఇంట్రడక్షన్‌లో స్పష్టంగా, పేరుపెట్టి చెప్పాలి. మీ ల్యాబ్‌లో నీకంటే ముందు పనిచేసిన అమ్మాయి ఎంఎస్సీ ప్రాజెక్టులో లోతు తేడా మొదట గమనించిందని నువ్వే ఫోన్లో చెప్పావు. ఆ మాట పేపర్లో లేదు. చేర్చు.

రిఫరెన్సుల సంగతి. ఒక్క వాక్యం చివర పన్నెండు రిఫరెన్సులు పెట్టావు, శుభలేఖ అడుగున బంధుమిత్రుల పేర్లు వేసినట్టుంది. వాటిలో ఎవరు ఏం చెప్పారో పాఠకుడికి తెలిసే దారి లేదు. రెండో మూడో ఉంచి, ఒక్కొక్కటి ఏం కనుక్కుందో చెప్పు. మన దేశంలో ఫ్లోరోసిస్ మొదట బయటపడిన సంగతికి ఈమధ్య వచ్చిన ఒక సమీక్షా వ్యాసాన్ని చూపించావు. ఆ సంగతి మొదట రాసింది షార్ట్, ఆయన సహచరులు, 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గురించి. ఆ పేపర్ తెప్పించుకుని చదివి దాన్నే చూపించు. సారాంశం మాత్రమే చదివిన పేపర్ ఏదీ జాబితాలో ఉండకూడదు. ఏఐ టూల్‌తో రిఫరెన్సులు వెతికితే తప్పులేదు గానీ, అది ఇచ్చిన ప్రతి డీవోఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు సంఖ్య) తెరిచి, ఆ పేపర్ నిజంగా ఉందో లేదో, ఉంటే నువ్వు చెప్పిన మాట అందులో ఉందో లేదో చూసుకో. లేని పేపర్లను ఉన్నట్టు చూపించడం వాటికి మామూలే. అలాంటిది ఒక్కటి రివ్యూయర్ కంటపడితే మిగతా నీ కష్టమంతా అనుమానంలో పడుతుంది.

నువ్వు పంపాలనుకుంటున్న పత్రిక బయటి దేశాలవాళ్లూ చదివేది. కెన్యా రిఫ్ట్ లోయలోనో, మెక్సికోలోనో ఇదే సమస్య మీద పనిచేసేవాళ్లకి మర్రిగూడ, చండూరు, మునుగోడు అంటే తెలియదు. వానలు ఏ నెలల్లో పడతాయో, అడుగున ఏ రాయి ఉందో రెండు మూడు వాక్యాల్లో చెప్పు, మిగతాది పద్ధతుల భాగంలోకి పంపు. ఇక్కడివాళ్లు అడిగే ప్రశ్న వేరే ఉంటుంది: మిషన్ భగీరథ నీళ్లు వస్తుంటే బోర్ల గురించి ఇప్పుడెందుకు? దీనికి జవాబు ఇంట్రడక్షన్‌లోనే ఉండాలి. పొలం పనికి వెళ్లినవాళ్లు అక్కడి బోరు నీళ్లే తాగుతున్నారని నీ నోట్సులో ఉంది కదా, అది ఒక వాక్యంగా పెట్టు. ఆ మనుషుల గురించి రాసేటప్పుడు "అజ్ఞానం వల్ల" అనే మాట వాడావు. దయచేసి తీసెయ్యి. తాగే నీళ్ల సంగతి వాళ్లకి మనకంటే ముందే తెలుసు, మండుటెండలో వేరే నీళ్లు లేక తాగారు.

భాష గురించి ఎక్కువ చెప్పను. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివానని నువ్వు బెంగపడుతున్నావు గానీ, నీ ఇంగ్లీషు ఫలితాల భాగంలో చక్కగా ఉంది. ఇంట్రడక్షన్‌లోనే పెద్ద పెద్ద మాటలు వెతికావు. చిన్న వాక్యాలు రాయి. అందరూ ఒప్పుకున్న విషయాన్ని వర్తమానంలో, ఫలానావాళ్లు చూసిన దాన్ని భూతకాలంలో చెప్పు. ఇంకొకరి వాక్యాలు తీసుకుని పదాలు మార్చొద్దు. పది శాతం లోపు పోలిక ఉంటే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం శిక్ష లేదని స్నేహితులు చెప్తారు. ఆ లెక్కతో నీకు పని లేకుండా రాయి: పేపర్ మూసేసి, గుర్తున్నది నీ మాటల్లో రాసి, తర్వాత తెరిచి సరిచూసుకో. మొత్తం ఐదు వేల మాటల పేపర్‌కి ఇంట్రడక్షన్ ఆరేడు వందల మాటలు దాటనవసరం లేదు. చివరి పేరాలో ఫలితం కూడా చెప్పాలా వద్దా అనేది ఒక్కో పత్రికలో ఒక్కోలా ఉంటుంది, ఈ మధ్య అచ్చయిన నాలుగు పేపర్లు చూసి అలాగే చెయ్యి.

ఇప్పుడు మొత్తం రాసి పంపకు. ముందు రెండే పంపు. ఒకటి, నీ ప్రశ్న ఉన్న చివరి పేరా. రెండోది, ఒక పట్టిక: వానల తర్వాత ఫ్లోరైడ్ గురించి చెప్పిన ఒక్కో పేపర్‌కి ఒక వరస, తగ్గిందన్నారా పెరిగిందన్నారా, ఏ లోతు బోర్లు, లోతును విడదీశారా లేదా. వచ్చే ఆదివారం సాయంత్రం నేను ఖాళీగానే ఉంటాను, ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి ఆ పట్టిక చూద్దాం.

ప్రేమతో,
మీ పెద్దమ్మ