అన్నీ నీ పేరు మీదే పెట్టుకో బిడ్డా

బిడ్డా,

నీ వాటర్ ప్యూరిఫయర్ల సర్వీసుకు సీఆర్ఎం, అదే కస్టమర్ల వివరాలు, సర్వీసు తేదీలు చూసుకునే సాఫ్ట్‌వేర్, చేయిస్తున్నావట, వైజాగ్‌లో ఉండే డెవలపర్‌తో కాంట్రాక్టు మాట్లాడావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంబరమూ అయింది, గుబులూ పుట్టింది. ముఖం చూడని మనిషితో పని అన్నది కాదు నా టెన్షన్, అది వేరే.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ముందు చిన్న పని ఒకటి డబ్బులిచ్చి చేయించి చూడు. మిగతా పని ముక్కలు చేసి, ఒక్కో ముక్క నడిచాకే దాని డబ్బు ఇవ్వు. అతనికిచ్చే డబ్బులోంచి పన్ను, అదే టీడీఎస్, పట్టుకోవాలో వద్దో ఆడిటర్‌ని అడుగు.

మీ పెద్దబాపు మోటార్ల షాపు నడిపినప్పుడు, అమీర్‌పేటలో కోర్సు చేసిన ఒక పిల్లాడితో ఇట్లాంటిదే రాయించాడు. ఏ ఊరి మోటారు ఎప్పుడు రిపేరుకొచ్చింది, వారంటీ ఎప్పటిదాకా, అన్నీ తెర మీద కనిపించేవి. డొమైన్ అనే వెబ్ అడ్రసు, లెక్కలన్నీ ఉండే అద్దె సర్వర్, పాస్‌వర్డులు మాత్రం ఆ పిల్లాడి మెయిల్ మీదే. ఇదేందని అడిగితే "నీకు ప్రతిదానికీ అనుమానమే" అన్నాడు మీ పెద్దబాపు. పిల్లాడికి ఉద్యోగం వచ్చి దేశం దాటిపోయాడు, నంబరు మారింది. సర్వర్ గడువు ముగుస్తుందన్న మెయిల్ అతనికే పోయింది. ఒకరోజు షాపు తెరిచి చూస్తే ఏమీ రాలేదు. అదీ ఎండాకాలం, బోర్లలో నీళ్లు అడుగంటి మోటార్లు కాలిపోయే రోజులు. అటక మీది పాత బిల్లు బుక్కులు దింపి, కార్బన్ కాపీల్లోంచి నంబర్లు ఎక్కించుకుంటూ కూర్చున్నా. ఆ మసకలో ఒకటికీ ఏడుకూ తేడా తెలియదు, రెండు రకాలుగానూ కొట్టి చూసేదాన్ని. దేవరకొండ రైతుకని చేస్తే మిర్యాలగూడలో ఎవరో ఎత్తి తిట్టాడు. ఆ పిల్లాడు మోసగాడు కాదు. మోసగాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని.

పట్టా ఒకరిది, సాగు ఒకరిది అయితే ఏమవుతుందో మన ఊళ్లో చూడలేదా? డొమైన్, సర్వర్ అద్దెకిచ్చే క్లౌడ్ ఖాతా నీ మెయిల్‌తో, నీ కార్డుతో నువ్వే తెరువు. అతనికి లోపలికి అనుమతి ఇవ్వు, పని అయ్యాక తీసెయ్. కోడ్ దాచిపెట్టే గిట్‌హబ్ ఖాతా కూడా నీదే కావాలి. ఏ రోజు రాసిన కోడ్ ఆ రోజు అందులోకి రావాలి, చివర్లో జిప్ ఫైల్ పంపుతానంటే ఒప్పుకోకు. కస్టమర్లకు ఎస్ఎమ్ఎస్‌లు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నియమాల కింద రిజిస్ట్రేషన్ ఉండాలి కదా, అదీ నీ షాపు పేరునే.

డబ్బిచ్చాం కాబట్టి కోడ్ మనదే అనుకుంటావేమో. 1957 కాపీరైట్ చట్టం అట్లా అనదు. జీతానికున్న ఉద్యోగి డ్యూటీలో రాస్తే యజమానిది. కాంట్రాక్టు మనిషి రాస్తే, సంతకంతో కాగితం మీద హక్కు బదిలీ చేసేదాకా మామూలుగా అతనిదే. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని లెక్క, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. ఈ రెండూ రాయించు.

అసలు కస్టమర్ల లిస్టు అతని చేతికి ఇవ్వకు. టెస్టింగుకు ఉత్తుత్తి పేర్లు, నంబర్లు చాలు. ప్యూరిఫయర్‌లో నీళ్లు వడకట్టే మెంబ్రేన్ పొర మార్చే తేదీ గుర్తుచేసే భాగం మాత్రం నువ్వే కూర్చుని పరీక్షించు. మర్రిగూడ వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి నీకు చెప్పాలా? మెంబ్రేన్ పాడైతే నీళ్లు చూడ్డానికి తేటగానే ఉంటాయి, తాగేవాళ్లకు తెలియదు. అక్కడ ఒక మెసేజ్ పోకపోతే నష్టం నీ ఒక్కదానిది కాదు.

అట్లాగని ఆ అబ్బాయిని దొంగను చూసినట్టు చూడకు. పని నడిచిన రోజే డబ్బు పంపు, పండక్కి పలకరించు.

ఆదివారం ఒప్పందం కాగితాలు పట్టుకుని రా, సంతకం పెట్టకముందు నేనూ చదువుతా. మీ పెద్దబాపు ముందు మాత్రం బయటికి తీయకు, ఆ సర్వర్ మాటెత్తితే ఇప్పటికీ అన్నం మధ్యలో లేచిపోతాడు.

మీ పెద్దమ్మ